పుట్టుకా? పెంపకమా? – ఒకే బిల్డింగ్‌లో విన్న రెండు మాటలు



మనిషి ఆలోచన, నడవడిక, తెలివి, అలవాట్లు ఎక్కడి నుంచి వస్తాయి? పుట్టుకతో రక్తంలో వస్తాయా? లేక ఇల్లు, బడి, సమాజం పెంచిన తీరును బట్టి వస్తాయా? ఈ పాఠం ఈ ప్రశ్న గురించే. ఇది చదువుకున్నవాళ్ళ కాలక్షేపం అనుకోకండి. దీనికి మనం ఏ జవాబు నమ్ముతామో దాన్ని బట్టే మన పిల్లల్ని మనం చూసే తీరు ఉంటుంది. మనల్ని మనం చూసుకునే తీరు కూడా ఉంటుంది.

రెండు మాటలు

మాదాపూర్ వెనక ఒక బస్తీలో మేము కొందరం ఆదివారం పూట పిల్లలకు చదువు చెప్తాం. ముందు త్రిశరణాలు, పంచశీల. తర్వాత లెక్కలు, ఇంగ్లీషు. పాలమూరు నుంచి వలస వచ్చిన ఒక అక్క అక్కడే ఉంటుంది. హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ పని. ఏడో తరగతి చదివే కూతుర్ని క్లాసుకు తీసుకొచ్చి నాతో అన్నది: "అన్నా, మా పిల్లకు లెక్కలు ఎక్కయి. మా అయ్యకు రాలే, నాకు రాలే, దానికెట్లొస్తయి? మా రక్తంలనే లేదు. ఊకె తిప్పలు పడకు."

అదే నెలలో ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మనవాడే. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. పనిచేసేది కూడా అదే బిల్డింగ్, పై అంతస్తులో. భోజనాల దగ్గర పక్క సీటాయన రిజర్వేషన్ల గురించి మాట్లాడుతూ, "మెరిట్ అనేది జీన్స్‌లో ఉంటుంది, అది కోటాతో రాదు" అన్నాడట. మావాడు తల వంచుకుని తిని లేచి వచ్చేశాడు. రాత్రి నన్ను అడిగాడు: "అన్నా, వాళ్ళు సైన్స్ అంటున్నారు. నిజంగా అది సైన్సేనా?"

ఆలోచించండి. కింద నేల తుడిచే అక్కా, పైన ఏసీలో కూర్చునే పెద్దమనిషీ ఒకే మాట అంటున్నారు. తెలివి రక్తంలో ఉంటుందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఒకరికి అది గర్వం, ఇంకొకరికి అది నిరాశ. సైబర్ టవర్స్ 1998లో మొదలయ్యాయి. ఆ చుట్టుపక్కల రాళ్ళగుట్టలు పోయి అద్దాల మేడలు వచ్చాయి. కానీ పుట్టుకే మనిషిని నిర్ణయిస్తుందన్న పాత మాట లిఫ్టెక్కి పై అంతస్తుకు కూడా చేరింది. 'కులం' అనే మాట తీసేసి 'జీన్స్' అనే మాట పెట్టుకున్నారు, అంతే తేడా.

ఏది పుట్టుక, ఏది పెంపకం

ముందు నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకుందాం. పుట్టుకతో వచ్చేవి ఉన్నాయి. ఎత్తు, రంగు, కొన్ని జబ్బులు, ఒకరికి తొందరపాటు, ఒకరికి నెమ్మది. ఒకే తల్లి పిల్లలు ఇద్దరూ ఒకేలా ఉండరని ప్రతి తల్లికీ తెలుసు. కాబట్టి "పుట్టుక ఏమీ కాదు, అంతా పెంపకమే" అనడం కూడా తప్పే.

కానీ పుట్టుకా, పెంపకమూ రెండు వేర్వేరు డబ్బాలు కావు. నానక్‌రామ్‌గూడ వైపు కొత్త టవర్లు కట్టే చోట కూలీల రేకుల షెడ్లు చూడండి. ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లవాడు ఇంట్లో ఒడియా, షెడ్ల దగ్గర హిందీ, కిరాణా షాపులో తెలుగు మాట్లాడతాడు. మాట నేర్చుకునే శక్తి పుట్టుకతో వచ్చింది. అది ప్రతి మనిషి బిడ్డకూ ఉంది. ఏ భాష వస్తుందన్నది మాత్రం ఎవరి మధ్య పెరిగాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇందులో పుట్టుక వాటా ఇంత, పెంపకం వాటా ఇంత అని కోసి చూపించగలమా?

ఇంకో ఉదాహరణ. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు ఉంది. పూర్తిగా జన్యువుల వల్ల వచ్చేదే. పట్టించుకోకపోతే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. కానీ పుట్టగానే రక్తపరీక్షతో కనిపెట్టి, తగిన ఆహారం పెడితే ఆ బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. అంటే జన్యువుల్లో ఉన్నది కూడా తలరాత కాదు. చుట్టూ ఉన్న పరిస్థితి మారితే ఫలితం మారుతుంది.

రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యు శాస్త్రవేత్త విత్తనాల పోలిక ఒకటి చెప్పాడు. మన పొలం భాషలో చెప్పుకుందాం. ఒకే సంచిలోంచి రెండు గుప్పిళ్ళ విత్తనాలు తీయండి. ఒక గుప్పెడు ఎరువేసిన మంచి నేలలో, ఇంకో గుప్పెడు చౌడు నేలలో చల్లండి. ఒకే నేలలో ఒక మొక్క పొడుగు, ఒక మొక్క పొట్టి ఉంటే అది విత్తనం తేడా కావచ్చు. కానీ ఈ చేనుకూ ఆ చేనుకూ మధ్య తేడా నేల వల్ల వచ్చింది. చౌడులో ఎదగని మొక్కను చూపించి "దీని జాతే అంత" అనేవాడు రైతు కాదు. మెరిట్ పేరుతో మన పిల్లల గురించి చెప్పే మాట సరిగ్గా అలాంటిదే.

తథాగతుడి జవాబు

రెండున్నర వేల ఏళ్ళ కిందటే ఈ ప్రశ్న బుద్ధుడి ముందుకు వచ్చింది. వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు వాదించుకున్నారు. మనిషి గొప్పవాడయ్యేది పుట్టుక వల్లనా, నడవడిక వల్లనా? తేల్చుకోలేక బుద్ధుడి దగ్గరకు వెళ్ళారు. వాసెట్ఠ సుత్తంలో ఆయన చెప్పిన జవాబు సారం ఇది: గడ్డి, చెట్లు, పురుగులు, చేపలు, పక్షులు – వీటిలో జాతికీ జాతికీ పుట్టుకతోనే గుర్తులు వేరుగా కనిపిస్తాయి. మనుషుల్లో అలాంటి గుర్తులు లేవు. పొలం చేసేవాడు రైతు, చేతిపని చేసేవాడు కమ్మరో కుమ్మరో అవుతాడు. చేసే పనిని బట్టి పిలిచే పేరు వస్తుంది గానీ కడుపులోంచి రాదు.

అస్సలాయన సుత్తంలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. యోన, కాంబోజ దేశాల్లో నాలుగు వర్ణాలు లేవు, యజమాని, దాసుడు అని రెండే ఉన్నాయి, అవి కూడా తారుమారవుతాయి అని గుర్తు చేశాడు. దీని అర్థం ఏమిటి? ఒక దేశంలో దేవుడి కట్టడి అనుకునేది ఇంకో దేశంలో అసలు ఉండదు. కాబట్టి అది ప్రకృతి కాదు, మనుషులు పెట్టుకున్న సంస్కృతి.

మరి పూర్వజన్మ సంగతి? ఇది మనవాళ్ళు ఎక్కువగా తడబడే చోటు. అంగుత్తర నికాయంలో బుద్ధుడు మూడు అభిప్రాయాలను కాదన్నాడు. మనకు జరిగేదంతా ముందు చేసిన కర్మ వల్లనే అనేది ఒకటి. అంతా దేవుడి సృష్టే అనేది రెండోది. దేనికీ కారణం లేదు అనేది మూడోది. ఈ మూడింటిలో ఏది నమ్మినా, ఇది చెయ్యాలి, ఇది చెయ్యకూడదు అనే పట్టుదల మనిషిలో చచ్చిపోతుందని ఆయన చెప్పాడు. "మా రక్తంలో లేదు" అనేది కూడా ఆ మొదటి రెండు అభిప్రాయాలకు చుట్టమే. నమ్మినవాడి చేతులు కట్టేస్తుంది.

బాబాసాహెబ్ చెప్పిన మూడు సంగతులు

లాహోర్‌లో ఇవ్వనివ్వని ఉపన్యాసాన్ని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన' పేరుతో అచ్చు వేయించారు. ఈ చర్చ అందులో ఉంది. మనుషులు సమానం కాదు కదా అని వాదించేవాళ్ళకు ఆయన జవాబిచ్చారు. మనిషి శక్తి మూడింటి మీద ఆధారపడి ఉంటుందన్నారు. ఒకటి, తల్లిదండ్రుల నుంచి శరీరంతో వచ్చేది. రెండు, సామాజిక వారసత్వం – అంటే తల్లిదండ్రుల సంరక్షణ, చదువు, సమాజం కూడబెట్టిన జ్ఞానం. మూడు, తన సొంత ప్రయత్నం.

ఈ మూడింటిలోనూ మనుషులు సమానంగా లేరని ఆయనే ఒప్పుకున్నారు. కానీ అడిగిన ప్రశ్న చూడండి. సొంత ప్రయత్నాన్ని బట్టి తేడా చూపించడం న్యాయమే అనుకుందాం, మొదటి రెండింటిని బట్టి తేడా చూపిస్తే ఏమవుతుంది? పుట్టుక, చదువు, ఇంటిపేరు, పరిచయాలు, తాతల ఆస్తి ఉన్నవాళ్ళే పందెం గెలుస్తారు. అది సమర్థుల ఎంపిక కాదు, వసతి ఉన్నవాళ్ళ ఎంపిక. అందుకే అందరినీ మొదట్లో వీలైనంత సమానంగా నిలబెట్టాలన్నారు. రిజర్వేషన్ అంటే దయ అనుకునేవాళ్ళకు ఇదే జవాబు. అది ఆ రెండో లెక్క సరిచేసే ప్రయత్నం.

హబ్సిగూడ ప్రయోగశాల చెప్పిన సంగతి

మన తమ్ముడి ప్రశ్న "జీన్స్ సైన్సేనా" అని కదా. హైటెక్ సిటీలో విన్న మాటకు మన హైదరాబాద్‌లోనే, ఊరికి అవతలి వైపు జవాబు ఉంది. హబ్సిగూడలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి దేశంలోని అనేక కులాల, తెగల జన్యువులను పరిశీలించారు. 2009లో ఒకటి, 2013లో ఇంకొకటి పరిశోధనలు వెలువడ్డాయి. 2013 పరిశోధన ప్రకారం సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ నేల మీద జనాలు విస్తారంగా కలిసిపోయారు. దాదాపు అన్ని కులాల్లో, తెగల్లో ఆ కలయిక కనిపిస్తుంది. తర్వాత ఆ కలయిక తగ్గిపోయి, ఎవరి గుంపులో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకోవడం గట్టిపడింది.

అంటే కలిసిన రక్తాన్ని తర్వాత కట్టుబాటుతో విడదీశారు. కులంలోపలి పెళ్ళే కులానికి ప్రాణం అని బాబాసాహెబ్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలోనే చెప్పారు. శతాబ్దం తర్వాత జన్యువుల లెక్క కూడా ఆ పెళ్ళి కట్టుబాటు గుర్తులనే చూపించింది. కట్టుబాటు శరీరం మీద కూడా గీత గీసింది. ఆ గీత చూపించి "ఇది ప్రకృతి" అంటే ఎలా?

ఇంకో లెక్క. ప్రపంచంలో మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉంటాయని లెవాంటిన్ 1972లో చూపించాడు. జనానికీ జనానికీ మధ్య మిగిలేది చాలా తక్కువ. వాసెట్ఠుడికి బుద్ధుడు చెప్పిన మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

పేరు చదివితే తెలివి తగ్గుతుందా?

'పుట్టుకా పెంపకమా' అనే జంట మాటలను ప్రచారంలోకి తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. 1869లో గొప్పవాళ్ళ చుట్టాల్లో గొప్పవాళ్ళు ఎక్కువ ఉన్నారని లెక్కగట్టి, ప్రతిభ వంశంలో వస్తుందన్నాడు. ఆ వంశాలకు బంగళాలు, గ్రంథాలయాలు, పలుకుబడి కూడా వారసత్వంగా వస్తున్నాయన్న సంగతికి విలువ ఇవ్వలేదు. లంచ్ టేబుల్ దగ్గర పక్క సీటాయన చేసిన తప్పు కూడా ఇదే.

ఇప్పుడు 2006లో అచ్చయిన ఒక పరిశోధన వినండి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల అబ్బాయిలకు చిక్కుదారి బొమ్మలు ఇచ్చారు. దారి కనుక్కున్న ప్రతి బొమ్మకూ డబ్బు ఇస్తామన్నారు. పై కులాల పిల్లలు 321 మంది, దళిత పిల్లలు 321 మంది. ఎవరి కులమూ చెప్పనప్పుడు ఇద్దరూ ఒకేలా చేశారు. అందరి ముందూ పేరు, కులం చదివి వినిపించాక దళిత పిల్లల ఫలితం పడిపోయింది.

ఆ క్షణంలో జన్యువులు మారాయా? లేదు. బొమ్మలు మారాయా? లేదు. మారింది గదిలోని గాలి. "వీళ్ళు నన్ను ఎలా చూస్తారు" అన్న భయం, "ఎంత చేసినా ఏం లాభం" అన్న అపనమ్మకం తలలోకి దూరాయి.

ఉద్యోగాల సంగతి కూడా ఇంతే. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో వెలువరించిన అధ్యయనంలో, ఒకే అర్హతలతో వేర్వేరు ఇంటిపేర్లు పెట్టి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. దళిత ఇంటిపేరు ఉన్న దరఖాస్తులకు పిలుపులు తక్కువ వచ్చాయి. అర్హత ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? కాగితం చదివేవాడి పెంపకంలో ఉంది.

బాబాసాహెబ్ పుట్టు మేధావా?

ఇక మనవైపు తప్పు కూడా చూసుకుందాం. ఏప్రిల్ 14 సభల్లో మనమే అంటుంటాం: "ఆయన పుట్టు మేధావి. అలాంటివాడు మళ్ళీ పుట్టడు." గౌరవంతోనే అంటాం. కానీ అది పుట్టుక సిద్ధాంతమే కదా! ఆ మాట విన్న మన పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? "నేను అలా పుట్టలేదు, కాబట్టి నా వల్ల కాదు."

ఆయన జీవితం చూడండి. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆ రోజుల్లో అంటరానివాళ్ళకు దొరకని చదువు ఆ ఇంటికి సైన్యం ద్వారా దొరికింది. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు కేలూస్కర్ గారు తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్ర చేతిలో పెట్టారు. 1913లో బరోడా మహారాజు ఉపకార వేతనంతో కొలంబియా వెళ్ళారు. తండ్రి, గురువు, పుస్తకం, ఉపకార వేతనం, వీటన్నిటి మీద ఆయన సొంత కష్టం. వీటిలో ఒక్కటి తప్పిపోయినా కథ వేరే. ఇలాంటి తెలివి ఉండి, ఇవేవీ దొరక్క మట్టిలో కలిసిపోయిన బిడ్డలు ఎంతమందో!

మనలోకి దూరిన పెంపకం

పెంపకం అంటే మంచి మాత్రమే కాదు. వేల ఏళ్ళ కులవ్యవస్థ మనల్ని కూడా పెంచింది. దీక్ష తీసుకున్న రోజున అది మొత్తం తుడిచిపెట్టుకు పోదు. 22 ప్రతిజ్ఞలు చదివిన నోటితోనే మాల, మాదిగ అంటూ ఒకరినొకరం తక్కువ చేసుకుంటాం. గోడ మీద బుద్ధుడి పటం ఉంటుంది, కింద ఆడపిల్ల గిన్నెలు తోముతుంటే మగపిల్లవాడు ఫోన్ చూస్తుంటాడు. కొండాపూర్‌లో ఫ్లాట్ కొన్నాక బస్తీలోని అన్నదమ్ముల్ని గేటెడ్ కమ్యూనిటీకి పిలవడానికి నామోషీ పడతాం.

నన్ను కూడా కలుపుకునే చెప్తున్నాను. నా కొడుకు పరీక్షలో మార్కులు తక్కువ తెచ్చుకున్న రోజున "నీ మొద్దు బుర్ర ఎవరి పోలికో" అన్నాను. మర్నాడు ఆదివారం క్లాసులో వాసెట్ఠ సుత్తం చెప్పాలి. నోరు పెగల్లేదు. రాత్రి వాడిని కూర్చోబెట్టి తప్పయిందని చెప్పాను. మన తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ళకు దొరికిన పెంపకం అదే. పెంపకం అంటే తల్లి ఒక్కతే కాదు గదా! తిండి, బడి, బస్తీ నీళ్ళ పంపు, టీచరు మాట, చట్టం, మేనేజరు చూపు, అన్నీ కలిస్తేనే పెంపకం. కాబట్టి బిడ్డ వెనకబడితే పేద తల్లిని నిందించి చేతులు దులుపుకోకూడదు.

మరి ఏం చెయ్యాలి?

ధమ్మం మొత్తం పెంపకం గురించిన శాస్త్రమే. అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం అంటే నాలుగు ప్రయత్నాలు. మనసులో ఇంకా పుట్టని చెడును పుట్టనివ్వకపోవడం, పుట్టిన చెడును వదిలించుకోవడం, ఇంకా పుట్టని మంచిని పుట్టించడం, పుట్టిన మంచిని నిలబెట్టి పెంచడం. ఇక్కడ బుద్ధుడు పట్టించుకున్న పుట్టుక ఇదే, ఆలోచనల పుట్టుక.

మనం రోజూ చదివే మంగళ సుత్తంలో మూర్ఖుల సావాసం వదలడం, పండితుల సావాసం, తగిన చోట నివసించడం, చదువు, చేతిపని మంగళాలని ఉంది. ఇవన్నీ పరిసరాలకు సంబంధించినవే. అలాంటి పరిసరాన్ని కట్టేదే సంఘం. మన హైదరాబాద్‌లోనే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి, తర్వాత మన పిల్లలకు బడులు తెరిచి, జోగిని దురాచారం మీద, తాగుడు మీద పోరాడారు. "మా జాతి ఇంతే" అని ఆయన అనుకుని ఉంటే మనం ఇక్కడ దాకా వచ్చేవాళ్ళమా?

కాబట్టి చేయవలసినవి చెప్తాను. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు వారానికి రెండు గంటలు బస్తీ పిల్లలకు ఇవ్వండి. డబ్బు మంచిదే, కానీ పిల్లలకు కావలసింది వాళ్ళలాంటి ఇంటి నుంచి వెళ్ళి నిలదొక్కుకున్న మనిషి కళ్ళ ముందు కూర్చోవడం. తల్లిదండ్రులారా, "రక్తం", "పోలిక", "తలరాత" అనే మాటలు పిల్లల ముందు మానేయండి. "రాదు" అనే చోట "ఇంకా రాలేదు" అనండి. లంచ్ టేబుల్ దగ్గర ఎదురు చెప్పలేకపోతే సిగ్గుపడకండి. పొట్టకూటి భయం మాకూ తెలుసు. కానీ ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి నిజమని నమ్మకండి.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాను. ఊళ్ళో అయిదో తరగతి దాకా తెలుగులో చదివింది. ఇక్కడికి వచ్చాక అంతా ఇంగ్లీషు. భిన్నాలు తెలుసు, ఫ్రాక్షన్స్ అంటే తెలియదు. మధ్యలో ఇల్లు మారడంతో ఆరు నెలలు బడి పోయింది. అదీ అసలు సంగతి. వాళ్ళమ్మ నెలనెలా కట్టే చీటీలో ఎంత పోయింది, ఎంత రావాలి అన్న లెక్క మాత్రం ఇంట్లో ఆ పాపే చూస్తుంది. ఆ మాట చెప్పినప్పుడు అక్క కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అవునన్నా, అది తప్పు చెప్పదు" అన్నది.

సంవత్సరం చివర పరీక్షల్లో ఆ పాపకు ఫస్ట్ ర్యాంకు రాలేదు. లెక్కల్లో పాసయింది. ఇప్పుడు ఆదివారం క్లాసులో చిన్నపిల్లలకు ఎక్కాలు తనే చెప్తోంది.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో "రక్తం", "పోలిక" అనే మాటలు ఎప్పుడెప్పుడు వినిపిస్తాయి? ఎవరి గురించి?

2. బాబాసాహెబ్ చెప్పిన మూడింటిలో మీకు ఏది దొరికింది, ఏది దొరకలేదు? మీ పిల్లలకు?

3. బుద్ధుడు కాదన్న మూడు అభిప్రాయాల్లో మనలో ఇంకా మిగిలి ఉన్నది ఏది?

4. దీక్ష తర్వాత కూడా మీలో మారని పాత అలవాటు ఒకటి చెప్పండి. దాన్ని వదిలించుకోవడానికి సంఘం మీకు ఏం సాయం చెయ్యగలదు?

భవతు సబ్బ మంగళం! జై భీమ్!